పక్కమీద మెలకువ

గుడ్లు కొనడానికి ఎవరైనా ఇస్త్రీ చొక్కా వేసుకుంటారా, అదీ మా ఆయన, లై దేఫు, ముప్పై ఏళ్ళు నది మీద రేవుపడవ నడిపి ఒక్కనాడూ కాలరు గుండీ సరిగ్గా పెట్టుకోని మనిషి, పోయిన గురువారమూ గుడ్లే అన్నాడు, అంతకుముందు గురువారం చదరంగం అన్నాడు, రేవు దగ్గర చదరంగం ఆడే ముసలాళ్ళు బనియన్లతో కూర్చుంటారని నాకు తెలియదనుకున్నాడు కాబోలు, సరే నడువు నాయనా నడువు, నీ వెనకాలే వస్తున్నాను, మా అమ్మాయి టోపీ పెట్టుకుని, ముక్కు మీదికి మాస్కు లాక్కుని, మూడు మలుపుల మెట్లు నీకూ నాకూ మధ్య ఉంచి వస్తున్నాను, ఈ చుంగ్‌చింగ్‌లో ఎటు పోవాలన్నా మెట్లే కాబట్టి ఎక్కేవాడి వీపూ దిగేవాడి నడినెత్తీ దాగవు, నీ నడినెత్తి మీద జుట్టు ఇంత పల్చబడిందని ఇవాళే చూస్తున్నాను, నువ్వు కలవబోయే ఆ ఆడదానికి ఇది కనిపించలేదా, లేక ఆమెకి ఇదే నచ్చిందా, ఆగాడు, మెట్ల మలుపులో కమ్మీ పట్టుకుని ఆగాడు, వెనక్కి చూస్తాడేమోనని నేను సేమ్యా బండి చాటుకి జరిగాను, బండి ఆవిడ, ఏం వదినా, కారం దండిగా వెయ్యనా అని అంత గొంతుతో అరిచింది, మెల్లగా మాట్లాడవే తల్లీ అన్నాను, ఆ ఎర్రకారం నూనె ఘాటు ముక్కులోకి కాదు, నేరుగా పుర్రెలోకి ఎక్కింది, నిద్రలేని ఒంటికి పగలంతా ఇలాగే ఉంటుంది, వాసనలకి గోళ్ళు మొలుస్తాయి, వెలుతురు గాజుపెంకులా గుచ్చుతుంది, పైన వంతెన మీద పోయే రైలు నా ఈ చెవిలోంచి దూరి ఆ చెవిలోంచి పోతుంది, ఆ బండి ఆవిడ ఎందుకు నవ్వింది, ఆమెకేం తెలుసు, ప్రతి గురువారం ఈయన ఈ మెట్లే దిగుతున్నాడని ఆమెకి తెలుసా, వీధి మొత్తానికి తెలిసి నాకొక్కదానికే తెలియదా.

నిద్రంటే నాకు ఒకప్పుడు చిన్నచూపు, నూలుమిల్లులో రాత్రి డ్యూటీ, మగ్గాల మోతకి పళ్ళు కదిలేవి, ఆ మోతలోనే దూదిబస్తా మీద ఇలా ఒరిగితే చాలు నిద్రపోయేదాన్ని, మేస్త్రీ వచ్చి కాలితో తట్టి, ష్యురోంగ్, నీ పెళ్ళికి లేస్తావా అనేవాడు, ఇప్పుడు మిల్లు లేదు, మిల్లు ఇళ్ళు కూలగొట్టి మమ్మల్ని ఈ ఇరవై ఏడో అంతస్తులో పెట్టారు, ఇక్కడ ఎంత నిశ్శబ్దమంటే నా కనురెప్పలు మూసుకున్న చప్పుడు నాకే వినిపిస్తుంది, రెండేళ్ళుగా కంటిమీద కునుకు లేదు, మాచిపత్రి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టాను, తలగడలో ఎండు పువ్వులు కుట్టాను, పుల్లరేగు గింజల కషాయం తాగాను, అందరూ ఒకటే మాట, నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు, మా అమ్మాయి ఆదివారం వచ్చి నారింజలు తింటూ, నువ్వు ఎక్కువ ఆలోచిస్తావమ్మా అంటుంది, మూలికల కొట్టు ముసలాయన నాడి పట్టుకుని అదే అన్నాడు, ఈయనా అదే అన్నాడు, మనం ఆలోచించడం ఎవరికి ఇష్టం లేదో వాళ్ళే కదా ఆ మాట అనేది, సాయంత్రం మైదానంలో డాన్సు దగ్గర పంగ్ అక్క మాత్రం విసనకర్ర అడ్డం పెట్టుకుని చెవిలో చెప్పింది, అరవై దగ్గరపడ్డ మగాడు అద్దం చూసుకుంటున్నాడంటే ఆ అద్దంలో ఇంకెవరో ఉన్నారే పిచ్చిదానా, మన ఊరి మొగుళ్ళకి చెవులు మెత్తనని లోకమంతా నవ్వుతుంది, ఎవరు మెలిపెడితే అటు తిరుగుతాయి, మీ ఆయన చెవి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చూసుకో అంది.

చూసుకుంటూనే ఉన్నాను అక్కా, ఈ శీతాకాలం నుంచి చూసుకుంటూనే ఉన్నాను, పడుకునే ముందు పాలు వేడిచేసి ఇస్తాడు, పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో మంచినీళ్ళు ముంచి ఇవ్వని మనిషి పాలు కాచి ఇస్తుంటే ఎవరికి అనుమానం రాదు, ఆ పాలు అడుగున చేదు, గ్లాసు చివర గోధుమరంగు మడ్డి, తాగావా అంటాడు, తాగానంటాను, సింకులో పోస్తాను, నన్ను పడుకోబెట్టి నువ్వేం చెయ్యదలచుకున్నావయ్యా, అది కనిపెట్టాలని నేనే నిద్ర నటించడం మొదలుపెట్టాను, గోడవైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి, పంగ్ అక్క నేర్పిన చిన్న గురక, పెళ్ళాం నిద్రపోయిందనుకుంటే మగాడు జాగ్రత్త మరిచిపోతాడు, ఫోను తీస్తాడు, గుసగుసలాడతాడు, కానీ ఈయన ఏమీ చెయ్యడు, వెల్లకిలా పడుకుని ఊపిరి తీసి వదులుతాడు, ఎంత సమంగా వదులుతాడంటే ఎవరో పక్కన నిలబడి కొలిచి పోస్తున్నట్టు, నిద్రపోయేవాడు అలా ఊపిరి తియ్యడు, పొర్లుతాడు, గొణుగుతాడు, పూర్వం ఈయన నిద్రలో పడవ కట్టే తాడు కోసం అరిచేవాడు, రేవు ఎత్తేసి, కొత్త వంతెన మీద జనం బస్సుల్లో పోవడం మొదలయ్యాక ఆ అరుపు కూడా పోయింది, కాబట్టి మెలకువగానే ఉన్నాడు, నేను ఎప్పుడు నిద్రపోతానా అని కాచుకుని ఉన్నాడు, నేను ఆయన్ని కాస్తున్నాను, ఆయన నన్ను కాస్తున్నాడు, ఎవరికి ఎవరు దొంగ.

బస్సెక్కాడు, నేను వెనక తలుపులోంచి ఎక్కి లావుపాటి కుర్రాడి చాటున నిలబడ్డాను, ఎక్కడికిరా పోతున్నావు, ఇటు బజారూ లేదు, నదీ లేదు, మొన్నామధ్య ఒకరోజు ఆయన స్నానానికి పోతే ఆయన ఫోను మోగింది, తీశాను, ఆడగొంతు, మా అమ్మాయి వయసు ఉంటుంది, లై గారూ, గురువారం మరిచిపోకండి, ఆ విషయం ఈసారైనా ఇంట్లో మాట్లాడండి, అంత దాకా వచ్చిందా, ఇంట్లో మాట్లాడడమంటే ఏమిటి, విడాకులు కాక ఇంకేముంటుంది ఇంట్లో మాట్లాడడానికి, ఆయన మాట్లాడలేదు, నూడుల్స్ తిన్నాడు, గిన్నె కడిగాడు, మర్నాడు బాల్కనీ తలుపుకి కొత్త తాళం వేయించాడు, దీనికి అర్థమేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు, ఇరవై ఏడో అంతస్తు బాల్కనీకి ఏ దొంగ ఎక్కివస్తాడయ్యా అంటే నవ్వి, తాళంచెవి నా చేతిలో పెట్టి, నువ్వే దాచు, ఎక్కడ పెట్టావో నాక్కూడా చెప్పకు అన్నాడు, అప్పటి నుంచి బట్టలు ఉతుకుతాడు కానీ ఆరెయ్యడానికి వెళ్ళడు, నేను తలుపు తీస్తే వంటింట్లోకి పోతాడు, రేపు తాళంచెవి పోయిందని, దీని బుర్ర పనిచెయ్యడం లేదని పదిమందిలో నిరూపించడానికా, అంత లోతైన ఎత్తుగడా, బియ్యం డబ్బాలో దాచాను, పోలేదు, రోజూ చూసుకుంటున్నాను.

దిగాడు, నేనూ దిగాను, గోడ వెంట నడుస్తున్నాడు, గేటు ముందు ఆగి అటూ ఇటూ చూశాడు, అచ్చం దొంగలా, కాలరు సర్దుకున్నాడు, లోపలికి పోయాడు, హోటలే అనుకున్నాను, పరుగెత్తాను, గేటు మీద అక్షరాలు ఎగురుతున్నాయి, నిద్రలేకపోతే అక్షరాలు ఒకచోట నిలబడవు, వాటిని పట్టుకుని ఒక్కొక్కటే నిలబెట్టి చదివాను, మానసిక ఆరోగ్య కేంద్రం అని ఉంది, ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, మరుక్షణం అన్నీ అర్థమయ్యాయి, ఆడదీ లేదు గీడదీ లేదు, అంతకంటే ఘోరం, నన్ను ఇక్కడ పడెయ్యడానికి ఏర్పాట్లు చేస్తున్నాడు, చేదుపాలు అందుకే, తాళంచెవి అందుకే, నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు అన్న మాట కూడా అందుకే, మిల్లులో నా పక్క మగ్గం చ్యావ్ మేయ్‌ని వాళ్ళాయన ఇలాగే మిల్లు జీపులో కొండ మీది పిచ్చాసుపత్రికి తీసుకుపోయాడు, షికారుకి పోదాం పద అన్నాడట, కొత్త జాకెట్టు వేసుకుని ఎక్కింది పాపం, మళ్ళీ రాలేదు, ఆరు నెలలకి వాళ్ళ దండెం మీద వేరే ఆడదాని బట్టలు ఆరాయి, మేమంతా చూశాం, ఒక్కరమూ నోరు మెదపలేదు, మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా, కొండ మీద గోడ దూకొచ్చావా అని తిట్టుకుంటారు, రేపు నా మనవణ్ణి బళ్ళో అలాగే అంటారు, రా దేఫు, నన్ను జీపెక్కించు చూద్దాం, పదిమందిలో నీ మెత్తని చెవి పట్టుకుని ఊడబెరుకుతాను.

మెట్లెక్కాను, హాలు, ఇంత జనమా, నిద్ర పట్టనివాళ్ళు ఇంతమందా ఈ ఊళ్ళో, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న పిల్ల గోడకి తలానించి నిలబడి ఉంది, కోటు వేసుకున్న పెద్దమనిషి బూటు ఊపుతూ ఊపుతూ ఆపలేకపోతున్నాడు, ఒకావిడ చేసంచిలోంచి కొత్తిమీర కట్ట బయటికి చూస్తోంది, కూరగాయలకని చెప్పి వచ్చిందేమో, ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు, అందరికీ మాస్కులే, పిచ్చివాళ్ళెవరూ కనిపించలేదు, కళ్ళ కింద నల్లగా నాలాంటివాళ్ళే, తెర మీద పేర్లు మారుతున్నాయి, లై దే, మూడో అక్షరం బదులు గుట్టు కోసం చుక్క, అదేమిటి, నా పేరు కదా రావాలి, ఏర్పాటు నా గురించైతే రోగి పేరు నాది కదా ఉండాలి, ఆయన లేచాడు, తలుపు తోసుకుని లోపలికి పోయాడు, తలుపు మూసుకోలేదు, తర్వాతి నంబరువాళ్ళు అప్పుడే గుమ్మంలో గుమిగూడారు, వాళ్ళలో నేనూ దూరాను, ఒకాయన, ఏవమ్మా వరసలో రా అన్నాడు, వరసలోనే ఉన్నాన్లే అన్నాను, ముప్పై రెండేళ్ళుగా.

రండి లై గారూ కూర్చోండి, అదే గొంతు, ఫోనులో గొంతు, తెల్లకోటు, అరిగిపోయిన చెప్పులు, నిజంగానే మా అమ్మాయి ఈడుది, మాత్రలు వేసుకుంటున్నారా, వేసుకుంటున్నానమ్మా, నిద్ర పడుతోందా, అదే లేదమ్మా, తెల్లారిందాకా అలా చూస్తూ ఉండడమే, ఇంట్లో చెప్పమన్నాను కదా, చెప్పారా, లేదమ్మా, ఎందుకు లై గారూ, ఎన్నాళ్ళిలా ఒక్కరే వస్తారు, అప్పుడు మా ఆయన, ఎవరి దగ్గరా రెండు మాటలు కలిపి మాట్లాడని మా ఆయన, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని అన్నాడు కదా, మా ఆవిడకి రెండేళ్ళు నిద్ర లేదమ్మా, మనిషి సగమైపోయింది, ఈ శీతాకాలం నుంచే పడుతోంది, పుల్లరేగు గింజలు దంచి పాలలో కలిపి ఇస్తున్నాను, అది పనిచేసింది, ఇప్పుడు హాయిగా పడుకుంటోంది, చిన్న గురక కూడా పెడుతుంది, ఆ గురక వింటూ ఉంటానమ్మా, నాకు ఈ మధ్య సంతోషమంటూ ఉందంటే అదొక్కటే, నేను కదిలితే లేచిపోతుందని కదలను, ఊపిరి కూడా లెక్కపెట్టుకుని వదులుతాను, నా సంగతి తెలిస్తే మళ్ళీ దాని నిద్ర పోతుంది, అది జరగకూడదు.

డాక్టరమ్మ గొంతు తగ్గించి, ఆ ఆలోచన మళ్ళీ వచ్చిందా అంది, ఏ ఆలోచన, నేను ఇద్దరి భుజాల మధ్య మెడ చాచాను, ఏ ఆలోచన, ఆయన చొక్కా అంచు మడతపెడుతున్నాడు, వస్తోందమ్మా, అన్నాడు, రేవు పోయాక నాకు కాళ్ళకింద ఏదీ ఉన్నట్టుండదు, బాల్కనీలో నిలబడితే కిందనుంచి పిలిచినట్టుంటుంది, అందుకే బాల్కనీ తాళంచెవి మా ఆవిడకి ఇచ్చేశాను, ఎక్కడ దాచిందో నాకు తెలియదు, తెలియకపోవడమే మంచిది, అది గట్టిది, దాచిందంటే బ్రహ్మకైనా దొరకదు.

నా కాళ్ళు నన్ను అడగలేదు, ఎవరి భుజాన్ని తోశానో తెలియదు, గదిలో ఉన్నాను, డాక్టరమ్మ తలెత్తి, బయట ఉండండమ్మా, నంబరు పిలుస్తాం అంది, ఈయన పెళ్ళాన్ని అన్నాను, మాస్కు లాగేశాను, ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు, దొరికిపోయిన మొహం కాదు అది, కంగారు మొహం, ఇంత పొద్దున్నే ఎందుకు వచ్చావే, ఇంకాసేపు పడుకోవలసింది అన్నాడు, తిట్టాలని ఇంత దూరం వచ్చినదాన్ని, నాకు నిద్ర లేదయ్యా, ఈ రెండేళ్ళలో ఒక్కనాడూ లేదు, అది దొంగ గురక, నిన్ను పట్టుకోవాలని పెట్టాను అన్నాను, ఆయనకి అర్థం కాలేదు, నన్నూ డాక్టరమ్మనీ మార్చి మార్చి చూశాడు, మరి పాలు అన్నాడు, సింకులో పోశానయ్యా, రోజూనా, రోజూ, అంత చక్కగా కాచి ఇస్తే అన్నాడు చిన్నబుచ్చుకుని, గుమ్మంలో ఎవరో నవ్వారు, నాకూ నవ్వొచ్చింది, నవ్వనుకున్నది మధ్యలో ఏడుపైపోయింది, డాక్టరమ్మ లేచి తలుపు వేసింది, ఇంకో స్టూలు లాగి ఆయన పక్కన వేసింది, మాత్రలు ఇక మీ దగ్గర ఉంచండమ్మా, ఆ ఆలోచన వచ్చినప్పుడు ఈయన మీతో చెప్పాలి, ఏ వేళైనా లేపాలి, మీరు నాకు ఫోను చెయ్యాలి, గురువారాలు ఇద్దరూ రావాలి, మీరు కూడా ఒక నంబరు చీటీ తీసుకోండి, మీ నిద్ర సంగతీ చూద్దాం అంటోంది, నేను తల ఊపుతున్నాను, ఆయన చెయ్యి పట్టుకున్నాను, పడవ చుక్కాని పట్టిన చెయ్యి, కాయలు కాసిన చోటు మెత్తబడిపోయింది, ఎప్పుడు మెత్తబడిందో గమనించనే లేదు, ఇన్నాళ్ళూ ఈ మనిషి మేలుకుని ఏం చేస్తున్నాడో అని భయపడ్డాను, ఏమీ చెయ్యడం లేదు, బతికి ఉండడానికి పెనుగులాడుతున్నాడు, ఆ పెనుగులాటలో కూడా నా నిద్రకి కాపలా కాస్తున్నాడు, లేని నిద్రకి, లేపరా దేఫు, నన్ను లేపు, నాకు నిద్ర ఇక ఈ జన్మలో పట్టకపోయినా పట్టకపోనీ, నువ్వు ఒక్కడివే మేలుకుని ఉండకూడదు, అంతే.