ఎర్ర కారు ఆయిల్లో మెరుపు

ఉదయం ఎనిమిదింటికి ఏలీయా మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా, దాన్నిండా నల్లటి ఇంజన్ ఆయిలు. ఇంకో చేతిలో పాత పేపర్లో చుట్టిన ఆయిల్ ఫిల్టరు. లోపలికి రమ్మంటే వచ్చాడు కానీ కుర్చీలో కూర్చోలేదు.

"మీరోసారి చూసి చెప్పండి మేష్టారూ. ఏదైనా సరేనండి. నా చెయ్యే తప్పు చేసుంటే అదే చెప్పండి."

ఏలీయా నా దగ్గర కెమిస్ట్రీ చదివాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి దోహా వెళ్లి, తొమ్మిదేళ్లు ఖరీదైన కార్ల గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. రెండేళ్లుగా అమలాపురంలో, ముమ్మిడివరం రోడ్డులో సొంత షెడ్డు నడుపుతున్నాడు.

జరిగింది ఇదీ. రొయ్యల చెరువుల ఆసామి సాయిదుర్గాప్రసాద్ గారు నిన్న తన ఎర్ర స్పోర్ట్స్ కారును ఆయిలు మార్పించడానికి తెచ్చారు. పాత ఆయిలు ట్రేలోకి దింపితే అందులో లోహపు రజను తళతళలాడింది. ప్రసాద్ గారు వెంటనే ఫోన్లో వీడియో తీసి, "ఏలీయా చేతిలో పెడితే నా ఇంజను ఇలా అయిందండి" అని రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సాయంత్రానికల్లా షెడ్డులో ఉన్న మరో రెండు కార్లను వాటి యజమానులు ఏదో పని చెప్పి తీసుకుపోయారు. ఇవాళ మూడింటికి లారీ వచ్చి ఎర్ర కారును హైదరాబాద్ తీసుకెళ్తుంది.

"అక్కడికెళ్లాక ఎవరేం చెబితే అదే నిజమైపోద్దండి. ఆర్నెల్ల క్రితం ఆయిలు మార్చింది కూడా నేనేనండి. అదే నన్ను తినేస్తోంది."

కాఫీ ఇస్తే నిలబడే తాగాడు. తాగాడు, అదే చాలనుకున్నాను.

ఆయిలును పెట్రోలుతో పల్చన చేసి తెల్ల గుడ్డలో వడకట్టాను. గుడ్డ మీద చిటికెడు రజను మిగిలింది. ఫ్రిజ్ తలుపుకి మా ఆవిడ ఆదిలక్ష్మి అరకులో కొని అతికించిన అయస్కాంతం ఒకటి ఉంది. దాన్ని ముందు గుండుసూది మీద పరీక్షించి, తర్వాత రజను దగ్గరికి తెచ్చాను. రజను కదల్లేదు.

"ఇనుము కాదు," అన్నాను.

"అయితే బేరింగేనండి. రాగి అయ్యుంటది," అన్నాడు ఏలీయా. బేరింగు అరిగిందంటే ఇంజను మొత్తం విప్పాల్సిందే.

బాత్రూం తూముకి వాడే కాస్టిక్ సోడా కాస్త నీళ్లలో కలిపి, నాలుగు తునకలు అందులో వేశాను. వేసీ వేయగానే బుడగలు లేచాయి. కాసేపటికి తునకలన్నీ కరిగిపోయాయి. రాగి అయితే అడుగున ఉండిపోవాలి. ఏమీ లేదు.

"అల్యూమినియం."

"పిస్టన్ కూడా అల్యూమినియమే కదండి," అన్నాడు. పాఠం మర్చిపోలేదు. నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది. కొన్ని బేరింగుల్లోనూ అల్యూమినియం ఉంటుంది. రసాయనం ఇంతవరకే చెప్పగలదు. ఇక కళ్లే చెప్పాలి.

అప్పటిదాకా ముసురేసిన ఆకాశం తెరిపినిచ్చింది. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. అరిగిపోయిన లోహం రేకుల్లా పల్చగా రావాలి. ఇవి అలా లేవు. పెన్సిల్ చెక్కితే వచ్చే పొట్టులా మెలికలు తిరిగి ఉన్నాయి. అరిగినవి కావు, చెక్కుకుపోయినవి. ఏలీయా ఫిల్టరును రంపంతో కోశాడు. కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి చూశాం. ఒక్క మెరుపూ లేదు. తిరిగుంటే ఫిల్టర్లో చిక్కేది. అంటే ఈ రజను ఇంజనులో తిరగనే లేదు. అడుగున ఎక్కడో పుట్టి, ఆయిలు దింపినప్పుడు దాంతోపాటు బయటికొచ్చేసింది.

"అడుగున అల్యూమినియంలో బోల్టు బిగించే మర ఎక్కడుంది?"

ఏలీయా నేల వైపు చూశాడు.

"ఆయిలు దింపే బోల్టు చూశావా?"

"చూశానండి."

"ఏముంది దాని మీద?"

"మీరే వచ్చి చూడండి మేష్టారూ."

అతని బండి మీద షెడ్డుకి వెళ్లాం. డబ్బాలోంచి బోల్టు తీసి నా చేతిలో పెట్టాడు. ఉక్కు బోల్టు. దాని మరల సందుల్లో తెల్లటి అల్యూమినియం ఇరుక్కుని ఉంది. తల మీద వరసగా పళ్ల గాట్లు, కుక్క కొరికినట్టు.

"ఇది పైపు రెంచి కదూ? నీ దగ్గరుందా?"

"చెరువుల మీద నీళ్ల పైపులు బిగించేదండీ అది. నాకెందుకండి."

"మరి నిన్ననే ఆయనతో ఎందుకు అనలేదురా?"

"ఎలా అంటానండి? నా తప్పు కప్పుకోడానికి ఆయన మీదికి తోస్తున్నాననుకోరూ? పైగా ఆయన వీడియో తీస్తున్నారు. మొహమాటమేసిందండి. తర్వాత నామీద నాకే అనుమానమొచ్చేసింది."

మూడింటికి లారీ వచ్చింది. దాని వెనకే ప్రసాద్ గారు. నన్ను చూడగానే చేతులు జోడించారు. "మేష్టారూ, మీరిక్కడ! ఈ ఎండలో ఈ మసి మధ్య ఏంటండీ!"

"మీ కారు కోసమేనండి. ఒక్కటి అడుగుతాను. చెరువు గట్టు మీద జనరేటరుకి ఆయిలు కారితే ఏం చేస్తారు?"

"బిగించేస్తామండి. రెంచికి గొట్టం తొడిగి, కుయ్యోమనేదాకా. లేపోతే ఊరుకుంటదా మేష్టారూ? ఏరేటర్లు కాసేపాగితే చాలు, గాలాడక రొయ్యంతా తేలిపోద్ది. ఎంతోమందిమి అలా పోగొట్టుకున్నాం."

"కారుకి కారితే?"

ఆయన నవ్వబోయి ఆగారు. నా అరచేతిలో బోల్టు కనిపించింది.

"వానల్లో ఓసారి పోర్టికోలో ఒక చుక్క కనిపించిందండి," అన్నారు నెమ్మదిగా. కాసేపాగి, "రెండు చుక్కలు."

పరీక్షలు, ఫిల్టరు సంగతి చెప్పాను. అతిగా బిగించిన ఉక్కు బోల్టు అల్యూమినియం మరను చెక్కేసిందనీ, విప్పినప్పుడు ఆ పొట్టే ఆయిల్లో పడిందనీ చెప్పాను. ఏలీయా ముందుకొచ్చాడు. "మర కొత్తది కోసి, కొత్త బోల్టు వేద్దామండి. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక ఫిల్టరు మళ్లీ కోసి చూద్దాం. అప్పుడూ శుభ్రంగా ఉంటే మీ ఇంజనుకి ఢోకా లేదండి."

"ఎక్కించమంటారా, టీ తాగి రమ్మంటారా?" లారీ డ్రైవరు అరిచాడు.

"టీ తాగి ఇంటికెళ్లిపో!" అన్నారు ప్రసాద్ గారు. మొహం తేటపడింది. "సరేనయ్యా ఏలీయా, పని కానిచ్చెయ్."

"ఆయ్, అలాగేనండి." ఏలీయా అప్పుడే పానా అందుకున్నాడు. ఖాళీగా ఉన్న షెడ్డులో ఆ ఒక్క కారే ఉంది. అంతా సర్దుకున్నట్టే ఉంది, కానీ నా కాళ్లు కదల్లేదు.

"ప్రసాద్ గారూ, ఆ వీడియో?"

"ఇప్పుడే తీసేస్తానండి."

"తీసేస్తే, చూసినవాళ్లకి నిజం ఎలా తెలుస్తుందండి?"

ఆయన జేబులోంచి ఫోను తీశారు. ఏలీయా కంగారుపడ్డాడు. "వద్దులెండి మేష్టారూ, ఆయన నోటితో అన్నారు, అది చాలండి..."

"నువ్వు నోరు ముయ్యి!"

ముప్ఫయ్యొక్కేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థినీ అంత గట్టిగా కసరలేదు. ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

ప్రసాద్ గారు ఫోను మొహానికెదురుగా పెట్టుకున్నారు. "అందరికీ నమస్కారమండి. కారుకేమీ కాలేదు. ఎవరో బోల్టు ఎక్కువ బిగించేసేరు..." ఏలీయా తల తిప్పుకున్నాడు. ఆయన అది చూశారు. ఆపి, చెరిపేశారు. రుమాలుతో మెడ తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు.

"నమస్కారమండి. నిన్న నేను పెట్టింది తప్పు. బోల్టు బిగించింది నేనే. పైపు రెంచితో, చెరువు మీద బిగించినట్టే బిగించేను. ఏలీయా తప్పు రవ్వంత కూడా లేదండి."

పంపేశారు. ఫోను జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఎవరిదో వాయిస్ మెసేజ్, చెరువు గట్టు మీద గాలి హోరుతో సహా.

"ప్రసాదుగారూ, మేమూ అలాగే బిగిస్తామండీ బాబూ! నా కారుక్కూడా మొన్నే బిగించేను. కొంపదీసి నాదీ పోయిందంటారా? ఇంతకీ కారుకి ఎంత బిగించాలో ఆ ఏలీయాగారిని ఓసారి చెప్పమనండి."

ప్రసాద్ గారు ఫోను అతనికందించారు. ఏలీయా చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు. నావైపు చూడలేదు.

"ముందు వేళ్లతో తిప్పండి," అన్నాడు ఫోనులోకి. "అది ఆగేదాకా రెంచి ముట్టుకోకండి."