గోడవైపు తిప్పిన పెట్టె

దానమ్మ పాలలో నీళ్ళు కలుపుతోందన్న మాట పాలకేంద్రం కిటికీ దగ్గర పుట్టింది. మధ్యాహ్నానికి కాలువ గట్టు దాటింది. ఆదివారానికి చర్చిలోకి వచ్చి ముందు వరస చాప మీద దర్జాగా కూర్చుంది. ఆ మాటను ఎవరూ ఆపి, నువ్వు నిజమేనా అని అడగలేదు.

ఉంగుటూరు నుంచి కాలువ వెంట మూడు మైళ్ళు లోపలికి ఉంటుంది ఆ ఊరు. దానమ్మ భర్త యేసుదాసు కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద కాపలా ఉంటాడు, ఆదివారాలు మాత్రమే ఇంటికొస్తాడు. ఇంటి దగ్గర దానమ్మ, ఆమె గేదె. ఆ గేదెకు గడ్డి కోయడం, కాలువలో కడగడం, దాంతో కబుర్లు చెప్పడం అన్నీ ఆమే. పాలు పితికాక గిన్నె కడిగిన నీళ్ళను కూడా క్యానులో పడనివ్వని మనిషి. అలాంటి మనిషి మీద పడింది ఆ మాట, అదీ శ్రమకాలంలో, ఈస్టరుకు ముందు నలభై రోజులు నిష్ఠగా ఉండే రోజుల్లో!

పాలకేంద్రానికి కంప్యూటరొచ్చి అప్పటికి రెండేళ్ళయింది. లోపల బల్ల మీద పెద్ద కంప్యూటరు, దాని ముందు సెక్రటరీ కోదండరామయ్య. ఆ కంప్యూటరుకే వైరుతో తగిలించిన చిన్న పెట్టె ఒకటి ఉంది. అరచేతికన్నా కాస్త పెద్దది. దాని మీద ఎర్ర అంకెలు మూడు వరసల్లో వెలుగుతాయి: సభ్యురాలి నంబరు, లీటర్లు, వెన్న శాతం. అది పాలు పోసేవాళ్ళు చూసుకోవడానికే. మెషిను బిగించినవాళ్ళు దాన్ని కిటికీ చువ్వల వెనక, బయటివైపు తిప్పి పెట్టి, "ఇది మీదమ్మా" అని చెప్పి మరీ వెళ్ళారు.

అక్షరాలు రానివాళ్ళకు కూడా అంకెలొచ్చు. బస్సు నంబర్లు చదివే ఆడవాళ్ళకు ఈ మూడు వరసలొక లెక్కా? మొదటి నెల రోజులూ కిటికీ దగ్గర ఒకటే గోల. "నిన్న ఆరున్నరండీ, ఇవాళ ఆరేంటండీ?" "ఏవండీ, మళ్ళీ చూడండీ ఒకసారి." కోదండరామయ్యకు తల వాచిపోయింది. ఒక పొద్దున ఆ పెట్టెను గోడవైపు తిప్పేసి, పైన కేలండరు తగిలించాడు. వరస చకచకా కదిలింది. తొందరగా ఇంటికి పోవచ్చని అందరూ సంతోషించారు. దానమ్మ కూడా సంతోషించింది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే మండుకొచ్చేది.

చీటీలిచ్చే ప్రింటరు మూలపడింది. పదిహేను రోజులకోసారి కోదండరామయ్య ఏలూరులో కాగితాలు తీయించి, పేరు పేరునా పంచేవాడు. అలా వచ్చిన కాగితంలో దానమ్మ వెన్న శాతం మూడున్నర. అంతకు ముందు ఎప్పుడూ ఏడుకు తగ్గలేదు. రెండోసారీ మూడున్నరే.

"దానమ్మా, గేదె పాలు మూడున్నర ఎలా వస్తాయమ్మా? కాలువ దగ్గరేగా మీ ఇల్లు!" అన్నాడు కోదండరామయ్య, కిటికీలోంచి, వరసంతా వినేలా. నలుగురు నవ్వారు. "ఇంకొక్కసారి ఇలా వస్తే నీ నంబరు తీసేస్తాను."

దానమ్మ ఖాళీ క్యాను తీసుకుని వరసలోంచి బయటికొచ్చింది. చెంప మీద కొట్టినా ఎదురు తిరిగేదేమో. కంప్యూటరు చెప్పిందంటే ఏమని ఎదురు తిరుగుతుంది?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద జాకబ్ ఆమెను పిలిచాడు. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన తర్వాత సంఘమంతటికీ ఇచ్చే టీకి పదకొండేళ్ళుగా దానమ్మ గేదె పాలే. అది ఆమె కానుక.

"ఈసారి టీ పాలు వేరేచోట చూసుకుంటున్నాం దానమ్మా. మనసులో ఏం పెట్టుకోకు. సంఘం కదా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు." చుట్టూ జనం ఉండగానే అన్నాడు. గొంతైనా తగ్గించలేదు.

ఆ మాట దానమ్మ మనసులోనే పెట్టుకుంది. ఇంకెక్కడ పెట్టుకుంటుంది? గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయిపోయాక లోపల మిగిలింది కోపమే.

ఈస్టరు ముందు బుధవారం పొద్దున పాల వరసలో నిలబడింది. ఆ ఊళ్ళో పాల వరసంటే మనుషుల వరస కాదు, క్యానుల వరస. చీకటితోనే ఖాళీ క్యాను తెచ్చి తమ చోటులో పెట్టి వెళతారు, తర్వాత పాలతో వచ్చి ఆ చోటులో నిలబడతారు. ఎవరి చోటు వాళ్ళది, ఏళ్ళ తరబడి మారదు. అందుకే కోదండరామయ్య ఎవరి మొహమూ చూడడు. కిటికీలోంచి పాలు రాగానే తల వంచుకునే తర్వాతి నంబరు కొట్టేస్తాడు.

దానమ్మ ముందు వీరరాఘవమ్మ నిలబడి ఉంది. పదెకరాల మాగాణి ఉన్న ఇంటి మనిషి, ఒక జెర్సీ ఆవు ఉంది. అంతకు ముందు వీరరాఘవమ్మ దానమ్మ వెనక నిలబడేది. శ్రమకాలం మొదలయ్యాక దానమ్మ పొద్దుటి ప్రార్థనకు వెళ్ళి, ముగియగానే పరిగెత్తుకుంటూ వచ్చేసరికి వంతు దాటిపోతోంది. "మీరు ముందు పోసేయండి అమ్మగారూ, నేను మీ వెనక నిలబడతాను" అని దానమ్మే చోటు మార్చుకుంది.

ఆ నెలంతా వీరరాఘవమ్మ ఆవు పేరు ఊళ్ళో మోగిపోయింది. ఆవు పాలకు ఏడు శాతం వెన్న! "అంతా మేం పెట్టే తవుడులో ఉంది" అని ఆమె నలుగురికీ చెప్పింది. నలుగురూ తలూపారు.

వీరరాఘవమ్మ పాలు లోపలికి ఇచ్చింది. కోదండరామయ్య మీట నొక్కాడు. అప్పుడు దానమ్మకు కేలండరు పక్కన సున్నం గోడ మీద ఎర్రటి వెలుగు కనిపించింది. మొహం గోడకు తిప్పేసినా ఆ పెట్టె రెండేళ్ళుగా మాట్లాడుతూనే ఉంది!

"సెక్రటరీగారూ, ఆ పెట్టె ఒకసారి ఇటు తిప్పండి."

"నీకెందుకమ్మా అది? వరస ఆపకు."

"ఎవరి కోసం పెట్టారండీ దాన్ని? లోపల పెద్దదీ మీదే, చిన్నదీ మీదే, మాకు గోడా?"

వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. దానమ్మ వినిపించుకోలేదు. వీరరాఘవమ్మ భుజం పక్కనుంచి చువ్వల్లోకి చెయ్యి దూర్చి, కేలండరు లాగి పారేసి, పెట్టెను గిర్రున తనవైపు తిప్పింది.

ముప్పై ఒకటి. నాలుగు లీటర్లు. మూడున్నర.

ముప్పై ఒకటి తన నంబరు. లోపల గిన్నెలో ఉన్నవి వీరరాఘవమ్మ పాలు.

"అది నా నంబరండీ! ఆ పాలు నావి కాదు!"

కోదండరామయ్య తలెత్తాడు. నంబరు కొట్టేటప్పుడు అతడు వరస వైపు చూడడం ఆ ఏడాదిలో అదే మొదలేమో.

"ఆగండి, ఇంకా ఉంది" అంటూ దానమ్మ తన పాలు అందించింది. "కొట్టండి. రోజూ ఏ నంబరు కొడతారో అదే కొట్టండి."

అతడు కొట్టలేదు. వెనకాల ఆడవాళ్ళందరూ కిటికీ మీదికి వచ్చిపడ్డారు. "కొట్టండీ!" అని అరిచారు. కొట్టాడు.

ముప్పై రెండు. నాలుగు లీటర్లు. ఏడు పాయింటు ఒకటి. ముప్పై రెండు వీరరాఘవమ్మ నంబరు.

"మా ఆవు..." అని వీరరాఘవమ్మ ఏదో అనబోయింది.

"మీ ఆవు తప్పేం లేదమ్మగారూ, అది ఆవు పాలే ఇచ్చింది. ఆవు ఏడు శాతం ఇస్తే తవుడు గొప్పన్నారు. నా గేదె మూడున్నర ఇస్తే దానమ్మ దొంగన్నారు. ఆవు ఏడెలా ఇస్తుందని ఈ ఊళ్ళో ఒక్కరికీ అనుమానం రాలేదేమండీ? అనుమానం వచ్చేందుకు కాలువ పక్క ఇల్లే దొరికిందా?"

ఎవరూ నవ్వలేదు. వీరరాఘవమ్మ పమిట సర్దుకుని నేల చూసింది.

"కంప్యూటరు పొరపాటు దానమ్మా" అన్నాడు కోదండరామయ్య మెత్తగా. "అంకెలు మార్చేస్తాను. గొడవెందుకు?"

"కంప్యూటరు పొరపాటేంటండీ? అది రోజూ నిజమే చూపించింది. దాని మొహం గోడకు తిప్పింది మీరు. అంకెలు మారుస్తారు సరే, మాట ఎవరు మారుస్తారు?"

ఆ రోజునుంచీ పెట్టె బయటివైపే ఉంది, ఎవరూ మళ్ళీ తిప్పే సాహసం చేయలేదు.

శనివారం పొద్దున జాకబ్ పాలకేంద్రానికే వచ్చాడు, చేతిలో చర్చి క్యాను. దానమ్మ వంతు అప్పుడే వచ్చింది. తన పాత చోటులోనే నిలబడి ఉంది.

"పొరపాటు జరిగిందంట కదమ్మా. దేవుడు నీ మొర విన్నాడు. రేపు టీకి నాలుగు లీటర్లు..."

దానమ్మ అతడివైపు చూడకుండా పాలు లోపలికి ఇచ్చింది. అంకెలు వెలిగాయి.

"చదవండి పెద్దయ్యగారూ."

జాకబ్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "ముప్పై ఒకటి... ఏడు పాయింటు రెండు" అన్నాడు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

"వినపడలేదండీ."

"దానమ్మా, అందరూ చూస్తున్నారు."

"ఆ ఆదివారం కూడా అందరూ చూశారండీ. అప్పుడు మీ గొంతు చర్చి చివరిదాకా వినపడింది. ఇదీ అలాగే చదవండి."

జాకబ్ మొహం ఎర్రబడింది. చుట్టూ చూశాడు. వరసలో ఒక్కరూ అతడికి సాయం రాలేదు. గొంతు సవరించుకుని, ఈసారి వరసలో చివరి క్యాను దగ్గర నిలబడ్డావిడ కూడా తలెత్తేలా చదివాడు. దానమ్మ పేరు, నంబరు, లీటర్లు, వెన్న.

"ఆ పాలు తిరిగి ఇచ్చేయండి సెక్రటరీగారూ" అంది దానమ్మ. జాకబ్ చేతిలోని చర్చి క్యాను లాక్కుని మూత తీసింది. పాలు పోస్తున్నప్పుడు కూడా ఆమె కోపం తగ్గలేదు, కానీ ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు.