జిగురు ఆరేదాకా

హిల్కా చేతితొడుగుల కొసలు కత్తిరించుకుంది. జిగురు పూయాలంటే వేళ్లకు చెక్క తగలాలి. కాళ్లకు రెండు జతల ఉన్ని మేజోళ్లు, వాటి కింద మడిచిన అట్టపెట్టె. జిగురు సీసాను పొద్దుటినుంచీ చంకలో పెట్టుకునే తిరిగింది. గ్యారేజీలో ఆమె ఊపిరి పొగలా పలక మీద వాలుతోంది. ఇంట్లో చేసుకుందామంటే జిగురు వాసన మొగుడు రేనోకు గిట్టదు.

ఒళ్లో పెట్టుకుని మీటే తంతివాద్యం, కాంతెలె అది. పైపలక అతుక్కుంటే రేపు తంతులు బిగించి, ఎల్లుండి అక్క అంత్యక్రియల్లో వాయించాలి. అక్క నేర్పిన పాటే. అక్క ఉన్నన్నాళ్లూ ఒకరి ఎదుట వాయించింది లేదు. ఇప్పుడు తప్పులు పట్టే చెవి లేదు. ఆ ధైర్యం చూసుకుని ఆమెకే సిగ్గేసింది.

పలకను బిగించి, హీటరు దాని పక్కకు జరిపి, భోజనానికి లోపలికొచ్చింది.

"వచ్చావా మంచుబొమ్మా! ముక్కు చూసుకో, బీట్‌రూట్ దుంపలా ఉంది," అన్నాడు రేనో.

"హీటరు పెట్టొచ్చాను. తెల్లారేదాకా దాని జోలికెళ్లకు."

"చెక్కముక్కకి ఎంత వైభోగం! నా కాళ్లకెప్పుడైనా పెట్టావా?"

"నీ కాళ్లు శ్రుతిలో పలికితే పెట్టేదాన్ని."

అతను పడీపడీ నవ్వాడు. భోజనమయ్యాక కోటు తొడుక్కుని బయటికి నడిచాడు. గ్యారేజీలో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఇంత చలిలో రాత్రంతా కరెంటు తగిలించి ఇంజను వెచ్చబెట్టకపోతే వాకిట్లో కారు పొద్దున కదలదు.

హిల్కా గిన్నెలు కడుగుతోంది. వేడినీళ్లలో వేళ్లు తియ్యగా సలుపుతూ ప్రాణం పోసుకుంటున్నాయి. గోడ అవతల హీటరు రొద ఆగింది. ఫ్యూజు పోయిందేమో అనుకుంది. కాదని తెలుసు. చేతులు నీళ్లలోంచి తీయలేదు.

పొద్దున బిగింపు వదులు చేయగానే పలక చేతిలోకి ఊడొచ్చింది. చలికి పట్టుకోని జిగురు సున్నంలా తెల్లగా రాలింది.

"పూలు తేవాలి కదే! కారు మొరాయిస్తే ఎలా?" అన్నాడు రేనో.

"ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావు. అయినా ఆ హీటరు ట్రాక్టర్‌లా మోగుతుంది. ఆగిపోతే నీకు వినపడలేదా?"

ఆమె పొడి దులుపుకుంది.

"సరేలే, వంటింట్లోకి తెచ్చుకో. వాసన నేను భరిస్తాను. సాయంత్రానికి ఆరిపోదూ?"

ఆరుతుంది. రాత్రికి తంతులు కూడా ఎక్కించవచ్చు. వంటింటి బల్ల ఖాళీగానే ఉంది.

"ఇంక కుదరదు," అంది హిల్కా. "చెడగొట్టావుగా."

రేనో తల దించుకున్నాడు. పెళ్లయ్యాక అతను తల దించుకోవడం ఆమె చూసింది తక్కువ. జాలి కలగలేదు. ఏదో తేలికైంది.

కారు ఇట్టే అందుకుంది. ఇద్దరూ పూలకొట్టుకు బయల్దేరారు. వాయించలేదేమని రేపు చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో, ఎక్కడ నిట్టూర్చాలో, రేనో పేరు ఎక్కడ ఎత్తాలో, దారి పొడుగునా ఆమె పేర్చుకుంటూనే ఉంది.