కాంటా గదిలో రుక్కి

ఎల్లేశ్ కిటికీ అద్దం మీద పేరుకున్న పత్తి నూగును అరచేత్తో తుడిచి, కాంటా ఎక్కుతున్న ట్రాక్టరును చూశాడు. చిట్యాల దారిలోని ఆ పత్తి మిల్లులో బండ్లు తూచడం అతని ఉద్యోగం. ఇన్నేళ్లు చూసిన అంకెలే ఇప్పుడు కళ్లలో అలుక్కుపోతున్నాయి. మూడేదో ఎనిమిదేదో తెలియడం లేదు. అందుకే మానేశాడు. మధ్యాహ్నం బస్సుకు సొంతూరు దేవరుప్పుల వెళ్లిపోతాడు.

అతని చోట రుక్కి కూర్చుంది. నిన్నటిదాకా ఆమెది పత్తి గింజ తీసే జిన్నింగు షెడ్డు. అక్కడి దుమ్ము ఆమె గొంతులో దగ్గై కూర్చుంది. ఈ పని నిలబడితే దాన్నుంచి బయటపడుతుంది. లేకపోతే మళ్లీ షెడ్డే.

"కంప్యూటర్ల నా పేరు మీదనే నడుపుకో బిడ్డా. ఎవలడుగుతరు?" అన్నాడు ఎల్లేశ్.

"వద్దు కాకా. రేపు తూకం తప్పొస్తే ఎవలు చేసినట్టు? నువ్వా, నేనా?"

కాంటా తీగ కంప్యూటరు వెనక సీరియల్ పోర్టులోకి వెళుతుంది. తూకం అంకెలు తెర మీదికి వచ్చేది అందులోంచే. ఆ పోర్టును వాడే అనుమతి కంప్యూటరులోని ఒక్క గ్రూపుకే, అందులో పేర్లున్న వాళ్లకే ఉంది. గ్రూపులో ఉన్నది ఒక్క ఎల్లేశే. జ్వరంతో పడుకున్నా అతని ఫోను మోగేది. విసుక్కుంటూ వచ్చేవాడు. ఆ విసుగు కింద ఏదో వెచ్చగా ఉండేదని అతనికి తెలుసు.

రుక్కి తన పేరుతో లాగిన్ అయి ఉండగానే, ఎల్లేశ్ తన పాస్‌వర్డ్ కొట్టి ఆమె పేరును గ్రూపులో చేర్చాడు. అయినా తెర మీద అదే మాట: అనుమతి లేదు.

ట్రాక్టరు మీంచి ఘనపూర్ రైతు రాజమౌళి అరిచాడు. "ఏంది ఎల్లన్నా, పోతపోత కాంటాను గూడ మూట గట్కపోతున్నవా?"

మిల్లు సేటు గుమ్మంలోకి వచ్చాడు. "కాకుంటే చెప్పున్రి. ఆమెను షెడ్డుకు పంపి ఇంకొకల్ని చూసుకుంట."

ఎల్లేశ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. తన పేరు చేర్చిన రోజు కూడా ఇది ఇట్లాగే మొరాయించింది. పొద్దున లాగిన్ అయినప్పుడు రుక్కి ఎవరో, యంత్రం ఆమెను ఇంకా ఆ మనిషిగానే చూస్తోంది. ఒకసారి పూర్తిగా బయటికి వెళ్లి రావాలి, అంతే.

తెలిసీ నోరు తెరవలేదు. తను లేనిదే ఒక్క బండీ కదలదు. ఆ ఆలోచన లోపల తియ్యగా కదిలింది. ఈ తీపి ఇక్కడ వదిలేస్తే, బస్సెక్కే తను ఇంకెవరు?

రుక్కి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. రెండో చెయ్యి మాత్రం కీబోర్డు మీంచి తీయలేదు.

"లాగౌట్ చెయ్ బిడ్డా," అన్నాడు. "మొత్తం బయటికొచ్చి, మళ్ల నీ పేరుతోని లోపలికి పో."

తెర నల్లబడి వెలిగింది. అంకెలు కాసేపు వణికి నిలబడ్డాయి. రుక్కి వాటిని బిగ్గరగా చదివింది.

"జర ఎక్కువ చదువు తల్లీ!" అన్నాడు రాజమౌళి.

"పత్తిల తడి గూడ తూచిన గద, అది సాలదా?" అంది రుక్కి. సేటు నవ్వుతూ వెళ్లిపోయాడు.

తర్వాతి బండి వచ్చింది, ఆ తర్వాతిది. ఎల్లేశ్ ఆమె వెనకే నిలబడ్డాడు. ఆమె ఒక్కసారైనా వెనక్కి తిరిగి అడగలేదు. అది గుచ్చుకుంటుందేమోనని చూసుకున్నాడు. గుచ్చుకోలేదు. సంచి భుజాన వేసుకుని "పోయొస్త" అన్నాడు. హారన్ మోతలో ఆమెకు వినబడలేదు.

బండ్లు తగ్గాక రుక్కి కుర్చీలోంచి లేచింది. తను కూర్చున్నది ఎల్లేశ్ కుట్టుకున్న పత్తి మెత్త మీద. ఒక పక్కకు ఒరిగి, లోతుగా అణిగిపోయి ఉంది. దాన్ని దులిపి, పొద్దు వాలకముందే మెల్లగా పొంగేలా గుమ్మం ముందు ఎండలో పెట్టింది.