జ్వరంలో అన్న మాట

ఆస్పత్రిలో చేరే ముందురోజు ఆమె తన బట్టలు సర్దుకోలేదు, వంటింట్లో డబ్బాలకు చీటీలు అంటించింది. ఏది ఉప్పో, ఏది పంచదారో ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు.

"అన్నీ రాశావుగా? అక్కడికి ఫోన్ చేసి అడిగితే మళ్లీ నీకే ఇబ్బంది," అన్నాడు భర్త, ఒక డబ్బా మూత తీసి వాసన చూస్తూ.

రక్త క్యాన్సర్ రెండోసారి తిరగబెట్టాక డాక్టరమ్మ ఈ కొత్త వైద్యం చెప్పింది. ఆమె రక్తంలోంచి రోగాలతో పోరాడే కణాలను తీసి, ప్రయోగశాలలో వాటికి క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పి, మళ్లీ ఆమెకే ఎక్కిస్తారట.

"అంటే బడి ఎగ్గొట్టిన పిల్లల్ని పట్టుకెళ్లి పాఠం చెప్పించి పంపడమన్నమాట," అంది ఆమె. లెక్కల టీచరు మరి. డాక్టరమ్మ నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది.

"ఎక్కించాక విపరీతంగా జ్వరం రావచ్చు. కొందరికి మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోలేరు. చాలామందికి తగ్గిపోతుంది. కానీ నెలరోజులు ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఎవరుంటారు?"

"నెలరోజులా? నాకు సెలవు దొరకాలిగా," అన్నాడు భర్త.

"మగవాడు ఆస్పత్రిలో కూర్చుని సేవలు చేస్తాడా? మీ అక్కను పిలిపించుకో అమ్మాయ్," అంది ఇంటికొచ్చాక అత్తగారు. మామగారు మంచాన పడ్డ రెండేళ్లూ రోజూ బడికి వెళ్లేముందు ఆయన పక్కబట్టలు మార్చిందెవరో ఆవిడకు గుర్తు రాలేదు. అక్కకేమో మోకాళ్ల ఆపరేషనయింది. చివరికి తోడు ఉంటానని భర్తే సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం నుంచీ ఫోన్లలో "అవునండీ, నేనే చూసుకుంటున్నా, తప్పదుగా" అంటూ ఉన్నాడు. అలాంటి భర్త దొరకడం తన అదృష్టమని అవతలివాళ్లు అనడం ఆమెకు వినబడుతూనే ఉంది.

చావంటే ఆమెకు భయమే. ఎవరికీ చెప్పుకోలేని భయం ఇంకొకటుంది. ఒళ్లు తెలియనప్పుడు తను ఏం మాట్లాడుతుందో! ఇన్నేళ్లూ పెదవి దాటనివ్వకుండా మింగేసినవి ఒకటా రెండా? అవన్నీ బయటపడితే? బతికి బట్టకట్టినా తిరిగి ఆ ఇంటికే కదా వెళ్లాలి?

పాఠం నేర్చుకొచ్చిన ఆ కణాలన్నీ కలిపి ఒక చిన్న సంచి. పావుగంటలో ఎక్కేసింది.

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతే. ఇకనుంచి రోజూ నేను పరీక్ష పెడతా, మీరు రాయాలి టీచరుగారూ," అంది నర్సు.

పేరు చెప్పాలి, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టాలి, కాగితం మీద ఒక వాక్యం రాయాలి. మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు ఒళ్లు కాలిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం "వంద, తొంభై" దగ్గర ఆగిపోయింది. తర్వాతిది ఎక్కడుందో తెలియలేదు. పిల్లలకు ఎక్కాలు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి, నోరు తెరుచుకుని అంకె కోసం వెతుక్కుంది. రాయబోతే అక్షరాలు గీతలైపోయాయి. నర్సు డాక్టరమ్మ కోసం పరుగెత్తడం ఒక్కటే ఆమెకు చివరగా గుర్తుంది.

రెండు రోజులకు తెలివి వచ్చింది. నర్సు మళ్లీ లెక్క అడిగితే సున్నా దాకా చెప్పి, ఏడ్చేసింది.

"నేనేమైనా వాగానా?" అని మెల్లగా అడిగింది.

నర్సు తలుపు వైపు ఒకసారి చూసింది. "మీ వారి చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగారమ్మా, ఓ పాతికసార్లు. 'ఒక్క నెల నా దగ్గరుండమంటే అంత కష్టమైందా నీకు?' అని."

నీకు! పెళ్లినాటి నుంచీ ఆమె అతన్ని 'మీరు' అనే పిలిచింది.

"ఆయనేమన్నారు?"

"బయటికెళ్లి కూర్చున్నారు."

నెల తిరిగాక పరీక్షలో క్యాన్సర్ కణాలు కనబడలేదు. ఇంకా జాగ్రత్తగా ఉండాలని చెప్పి, డాక్టరమ్మ ఆమె భుజం తట్టింది. కారు ఎక్కాక భర్త హుషారుగా అన్నాడు, "ఇంక అంతా మామూలే. జ్వరంలో నువ్వేదో అన్నావు, నేను మనసులో పెట్టుకోలేదులే. స్పృహలో లేనిదానివి."

అతను తాళం తిప్పాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"ఇప్పుడు స్పృహలోనే ఉన్నాను," అంది. "జవాబు చెప్పు."