వెనక చక్రం

మా ఆయన విజయ్ పాల్, రైస్‌మిల్లులో ట్రాక్టరు నడుపుతాడు. అందుకే సమాధుల తోటలో గడ్డి కోయడానికి ట్రాక్టరుకి తగిలించే స్లాషరు కొనాలని మా చర్చి సంఘంలో తీర్మానం అయినప్పుడు, ఏది మంచిదో చూసే పని ఆయనకి అప్పజెప్పారు. ఆయన నన్ను రమ్మనలేదు. నేనే వెంటబడ్డాను.

మా సమాధుల తోట కాలవ గట్టుని ఆనుకుని మెరక మీద ఉంటుంది. ఇదివరకు మట్టల ఆదివారం అయ్యాక, ఈస్టరు లోపల, ఎవరి సమాధి చుట్టూ వాళ్లు కత్తీ పారా పట్టుకుని బాగు చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ చేతుల్లో సగం కువైట్లో వంటలు చేస్తున్నాయి. మిగిలినవాళ్లు నిరుడు ఒకాయన్ని పాము కరిచాక దిగడం మానేశారు. గడ్డి నా నడుము దాటిపోయింది. మధ్యమధ్య సర్కారు తుమ్మ బొటనవేలంత లావున లేచింది.

కాలవ వైపు చివర పసిబిడ్డల వరస. అక్కడ సిమెంటు లేదు, పేర్లు లేవు. ఏడు మట్టి దిబ్బలు, తల వైపు ఒక్కో ఇటుక. తూము దగ్గర నుంచి లెక్కపెడితే నాలుగోది నా మొదటి బిడ్డది. పదకొండు రోజులు బతికాడు. బాప్తిస్మం కాకముందే పోయాడు కాబట్టి సంఘం రిజిస్టరులో వాడి పేరు లేదు. ఫోటో కూడా లేదు. "పురిటి బిడ్డకి ఫోటో ఏంటే, దిష్టి తగలదూ" అని మా అత్తయ్య దీనమ్మ ఫోను లాగేసుకుంది. వాడు పుట్టాడని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ జానెడు దిబ్బ ఒక్కటే.

మండపేటలో నిరంజన్ గారి షాపుకి సంఘం సెక్రటరీ ఆశీర్వాదం గారు ముందే వచ్చి కూర్చున్నారు. చంకలో పాపతో నన్ను చూసి ముఖం చిట్లించారు.

"అమ్మాయెందుకయ్యా ఇక్కడికి?"

"పాపకి టీకా ఉందండి. దార్లోనే కదాని," అన్నాడు మా ఆయన. టీకా ఏమీ లేదు. పాప సారికకి ఎనిమిదో నెల. దాన్ని ఇంట్లో ఎవరికీ వదిలిపెట్టలేను, అంతే. నిద్రలో కూడా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను.

నిరంజన్ గారు మమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్లి రెండు మెషిన్లు చూపించారు. రెండూ బోర్లించిన పెద్ద ఇనప పళ్లేల్లాగే ఉన్నాయి. కింద బ్లేళ్లు.

"ఇది ఆరడుగులదండి. రెండు పక్కలా ఇనప పట్టీలున్నాయి చూశారా, వాటి మీద నేలనంటుకుని జారుకుంటూ పోద్ది. రెండంగుళాలు వదిలి మొత్తం గీసేస్తది. ఇదేమో ఐదడుగులది. వెనకాల మధ్యలో ఒకటే చక్రం. ఈ మేకు తీసి పై బెజ్జంలో పెట్టారనుకోండి, జానెడెత్తు లేస్తది."

"ఇటుకలకి తగిల్తే?" అన్నాడు మా ఆయన.

"బ్లేడు విరగదండి, వెనక్కి మడుచుకుంటది. ఇటికకే గ్యారంటీ లేదు," అని నవ్వారు నిరంజన్ గారు.

ఆశీర్వాదం గారు ఆరడుగులదాని మీద చెయ్యేసి నిమిరారు. "ఇదే కావాలయ్యా. గుండు గీసినట్టుండాలి. ఈస్టరుకి పై ఊళ్ల సంఘాలోళ్లొస్తున్నారు."

నేను మా ఆయన చొక్కా లాగాను. "ఏవండీ, అది వద్దు. రెండంగుళాలంటే దిబ్బలన్నీ లేచిపోతాయి."

"చెప్తాలే ఉండు," అన్నాడు. చెప్పలేదు. పెద్దల ముందు ఆయన గొంతు లేవదు. చివరికి నేనే అన్నాను.

"బాబాయి గారూ, చక్రంది తీసుకుందామండి. ఎత్తుగా కోస్తే పిల్లల దిబ్బలు మిగుల్తాయి."

"నిన్నెవరడిగారమ్మా?" అన్నారాయన. నా ముఖంలో ఏం కనిపించిందో మరి, వెంటనే తగ్గారు. "మాకు లేదనా ఆ బాధ? సరే, ఏమంటావు విజయ్ పాలూ?"

"చక్రంది మన మిల్లు ట్రాక్టరుకి తేలిగ్గా ఉంటదండి," అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

పక్కన ఇంకో మెషినుకి నట్లు బిగిస్తున్న ముసలి మెకానిక్ అబ్బులు తల ఎత్తాడు. "చక్రం మెత్తన్నేల్లో దిగిపోద్దండోయ్. పట్టీలైతే తేల్తాయి."

"నువ్వు నీ పని చూసుకో అబ్బులూ. ఆళ్లు కోసేది చేనా, సమాధుల తోట," అన్నారు నిరంజన్ గారు.

"మెరకండి మాది," అన్నాను నేను, గొంతు పెంచి. మా వైపు నేలంటే రెండే రకాలు. నీళ్లు నిలిచేది చేను, నిలవనిది మెరక. చేలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి టైర్లు తీసి ఇనప దమ్ము చక్రాలు వేస్తారని, లేకపోతే ఇరుసు దాకా దిగిపోతుందని పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని. ఆ చక్రాలు మా వాకిట్లోనే గోడకి ఆనించి ఉంటాయి. అయినా ఆ మాట చేలకి మాత్రమే అనుకున్నాను. మా ఆయనా అలాగే అనుకున్నాడు. చనిపోయినవాళ్లని మెరకలో పెడతాం, మెరక గట్టిగా ఉంటుంది. అంతవరకే మా తెలివి.

బుధవారం పొద్దున్నే కోత మొదలైంది. రెండో పంటకి, దాళ్వా చేలకి నిండా నీళ్లు వదిలిన రోజులు. కాలవ గట్టు అంచుదాకా పారుతోంది. నేను తూము దగ్గర పాపని ఎత్తుకుని నిలబడ్డాను. రాయి ఎగిరొచ్చి దానికి తగులుతుందేమోనని చున్నీ రెండు మడతలేసి తల మీద కప్పాను. అది ఊపిరాడక ఏడ్చింది.

పెద్దల సమాధుల మధ్య మెషిను బాగానే తిరిగింది. తుమ్మ మొక్కలు టపటపా విరిగిపడ్డాయి. గడ్డి జానెడెత్తున సమంగా తెగింది. మా ఆయన పిల్లల వరస దగ్గరికొచ్చి ట్రాక్టరు ఆపి, నాకు వినపడేలా అరిచాడు.

"రెండు టైర్ల మధ్యకి తీసుకుంటున్నా. ఒక్క దిబ్బ మీద కూడా టైరు పడదు. చూస్తా ఉండు!"

చాలా నెమ్మదిగా పోనిచ్చాడు. వంగి ముందు టైర్లనే చూసుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టైర్లు నిజంగానే దేనికీ తగల్లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు వెనక చక్రం వచ్చింది.

రెండు టైర్ల మధ్యకి తీసుకున్నదంతా సరిగ్గా దాని కిందకే వస్తుందని మా ఇద్దరికీ తట్టలేదు. కాలవ ఊటకి ఆ చివరంతా లోపల నానిపోయి ఉంది. చక్రం మొదటి దిబ్బలోనే జానెడు దిగింది. దాంతో పళ్లెం వెనక వైపు కిందకి ఒరిగి, బ్లేళ్లు మట్టిని గీరాయి. "ఆపండి! ఏవండీ, ఆపండి!" అని అరిచాను. ఆ మోతలో సారిక ఏడుపే నాకు వినపడలేదు, నా అరుపు ఆయనకేం వినపడుతుంది? ఏడో దిబ్బ దాటాక వెనక్కి తిరిగి చూశాడు.

ఏడు దిబ్బల చోట ఒకే ఒక గాడి, తాడు లాగి గీసినట్టు తిన్నగా ఉంది. అందులో అప్పుడే నీళ్లు ఊరుతున్నాయి.

ట్రాక్టరు దిగి మోకాళ్ల మీద కూర్చుని చేతులతో బురద తోడాడు. మూడు ఇటుకలు దొరికాయి, ఒకటి సగం. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"మనవాడిది ఏదండి?" అన్నాను.

ఇటుకల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి తుడిచాడు.

"పట్టీలది తీసుకునుంటే?"

"పట్టీలు రెండు పక్కల నుంచి పోయేవి. పైన గీసినా దిబ్బల అడుగు మిగిలేది," అన్నాడు. నా వైపు చూడలేదు.

సాయంత్రం ఆశీర్వాదం గారు వచ్చి తోటంతా తిరిగి, మా ఆయన భుజం తట్టారు. "అద్దంలా చేశావయ్యా. మీ ఆవిడ ఎంచిన మెషినే మంచిదైంది." ఆ చివరి దాకా ఆయన నడవలేదు. అక్కడ బురదగా ఉంది. ఇంట్లో మా అత్తయ్య, "నేల కింద వాడు ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడే" అంది. అది నిజమే. ఎక్కడో నాకు తెలియాలి కదా.

ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. ఎవరి సమాధి దగ్గర వాళ్లు వెలిగించుకుని పాటలు పాడుతున్నారు. మా ఆయన తూము దగ్గర నుంచి అడుగులు వేసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

"ఇక్కడే," అన్నాడు.

"నిన్న ఇంకో రెండడుగులు అవతల అన్నారు."

"ఇక్కడేనే," అన్నాడు. అంత తొందరగా అన్నప్పుడు ఆయన మాట నమ్మకూడదని నాకు పెళ్లయిన ఏడాదే తెలిసింది.

అంతలో ఆశీర్వాదం గారు పక్క ఊరి సంఘ పెద్ద ఎజ్రా గారిని వెంటబెట్టుకుని వచ్చారు. "ఇదిగో, మెషిను ఎంచింది ఈ అమ్మాయే," అని చూపించారు.

"మేం కూడా కొంటన్నామమ్మా. మాదీ కాలవ పక్కే. ఏది తీసుకోమంటావు?" అనడిగారు ఎజ్రా గారు.

"చక్రంది వద్దండి. పట్టీలది తీసుకోండి. చక్రం దిగిపోతుందండి. మీకూ పిల్లల దిబ్బలు ఉంటాయి కదండి."

ఆయన నన్ను చూసి, తోటంతా ఒకసారి కలియజూశారు. కొవ్వొత్తుల వెలుగులో గడ్డి దుప్పటి పరిచినట్టు సమంగా ఉంది.

"ఇంత బాగా కోసింది కదమ్మా," అన్నారు. ఆశీర్వాదం గారి వైపు తిరిగి, "బాధలో ఉన్నట్టుంది పాపం. మేమూ ఇదే తెచ్చుకుంటాం లెండి. ఎవరి దగ్గర కొన్నారన్నారు?" అని అడుగుతూ నడిచారు.

మా ఆయన నా చేతిలో కొవ్వొత్తి వెలిగించాడు. గాడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను. మైనం వేళ్ల మీద కారుతుంటే సారిక దాన్ని అందుకోబోయింది. చెయ్యి కాలుతుందని భయపడి ఊదేశాను.