చూరునీళ్ళ గీత

మరిగే నీళ్ళలో వేళ్ళు ముంచి, పట్టుగూటి పోగు అందుకుని, పక్కనున్న చన్నీళ్ళ చిప్పలో చెయ్యి ఒకసారి ఆడించి, హనుమక్క మళ్ళీ ముంచింది. ఆ వేళ్ళు ఉడికి ఉడికి తెల్లబడ్డాయి. కొసలు ముడతలు పడి, గోళ్ళ చుట్టూ తోలు పగిలి ఉంది. వాటికిప్పుడు వేడి తెలియదు. అన్నం కలుపుకునేటప్పుడు చల్లారిందో లేదో కూడా తెలియక నాలుక కాల్చుకుంటుంది. ఎదురుగా రాట్నం తిప్పుతున్న చెన్నమ్మ ఏదో పాట ఎత్తుకుని, పొగ మింగి, దగ్గి, మానేసింది.

చింతామణిలో ఆ పట్టునూలు తీసే కొట్టంలో తెల్లవారక ముందే పొయ్యిలు వెలిగేవి. ఎక్కడో దొరలు యుద్ధం చేసుకుంటున్నారు. ఆకాశంలోంచి దూకే సిపాయిల గొడుగులకు పట్టు కావాలట. జంగమకోటె వైపు నుంచి గూళ్ళు బండ్ల మీద వచ్చి పడుతూనే ఉండేవి. ఉడికిన పురుగుల కంపు కొట్టంలో వాళ్ళకు తెలియదు, వీధిలో వాళ్ళకు తెలుస్తుంది. హనుమక్క ఎదురైతే ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆమె చూసీ చూడనట్టు పోయేది. అంతకంటే ఏం చేస్తుంది?

ఆ ఉదయం ఎడమ రెక్క లాగుతూ ఉంది. చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాననుకుంది.

"ఈ పొద్దన్నా తేలుస్తావా అక్కా?" అంది చెన్నమ్మ. "కొంటావా, కొనవా?"

"మధ్యాన్నం పోయి ఇంగోసారి చూసొస్తా."

"ఎన్నిసార్లు చూస్తావు? ఆ ముసిలామె చెడ్డ నక్షత్రంలో పోయిన ఇల్లు అది. కంప తీసినా బాడిగకు గూడా ఒకరూ రాలేదు. నీకేం పట్టింది?"

"లోపల్నే పోయింది గదా," అంది హనుమక్క. "లోపల పోనిచ్చినారు గదా."

చెన్నమ్మ రాట్నం తిప్పుకుంది. ఆమెకు అంజినప్ప సంగతి తెలుసు.

ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాలు. ఆ పంచకంలో ఎవరైనా ఇంట్లో ప్రాణం విడిస్తే గుమ్మానికి ముళ్ళకంప అడ్డం వేసి, ఆరు నెలలు ఇల్లు వదిలేయాలి. సొంత ఇల్లున్నవాళ్ళు ఏడ్చుకుంటూ వదిలేసి అన్నదమ్ముల ఇళ్ళకు పోతారు. బాడిగ ఇంట్లో చచ్చేవాడి సంగతి వేరు. హనుమక్క మొగుడు అంజినప్ప కొన ఊపిరితో ఉన్నప్పుడు అప్పటి ఇంటివాళ్ళు వచ్చారు. మొహాలు దీనంగా పెట్టుకుని, మంచం నాలుగు కోళ్ళూ ఎత్తి, వీధిలో దించారు. సన్నగా వాన పడుతోంది. నోట్లో పడ్డ చినుకులు అంజినప్ప మింగాడు. "లోపలికి పోదాం పదమ్మే" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత అనలేదు. పంచకం ఆ పూట కాదనీ, మర్నాడు మొదలవుతుందనీ తరువాత తేలింది. లెక్క తప్పినందుకు ఇంటివాళ్ళు చాలా నొచ్చుకున్నారు.

పిల్లా జెల్లా లేని హనుమక్కకు ఆనాటి నుంచి ఒక్కటే కోరిక. ఎవరూ తన మంచం ఎత్తని చోటు ఒకటి కావాలి. నగలూ, కాశీయాత్రలూ, పంచభక్ష్యాలూ ఆమె ఏనాడూ అడగలేదు. చచ్చేటప్పుడు పైన ఒక కప్పు అడిగింది, అంతే. అది కూడా ఎక్కువేనని లోకం అనుకుంటుందని ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం గంజి తాగే వేళ కొట్టం నుంచి బయటపడింది. దారిలో కుమ్మరి దగ్గర కొత్త కుండ ఒకటి తీసుకుని చంకన పెట్టుకుంది. కొంటానని ఇంకా చెప్పకుండానే కుండ ఎందుకు కొంటున్నానో ఆమె ఆలోచించలేదు.

ఇల్లు పాతపేటలో వీధి చివర ఉంది. వీధంతా తరాల నుంచి ఉన్నవాళ్ళే. బట్టల వ్యాపారులు, గుడి అర్చకులు, నాలుగెకరాలున్న రైతులు. ఆ వరసలో ఈ ఇల్లు నడుం వంగిన మనిషిలా అందరికంటే పొట్టిగా నిలబడి ఉంది. రాతిగోడలు, పైన నాటు పెంకులు, ముందు ఇద్దరు కూర్చునేంత అరుగు. గుమ్మం ఎంత కురచంటే హనుమక్కంత మనిషే తల వంచాలి. లోపల ఒక గది, దాని పక్కన పొయ్యికి మాత్రం చోటు. వాసం ఒకటి పుచ్చింది. పెంకుల సందుల్లోంచి పడ్డ ఎండ నేల మీద చెల్లాచెదురు మచ్చలుగా ఉంది. బయట అరుగు ముందు, ఏళ్ళ తరబడి చూరునీళ్ళు కారి కారి, మట్టిలో వరసగా చిన్న చిన్న గుంటలు పడి ఒక గీతలా ఉన్నాయి. ఆ గీత ఇవతల ఎండ, అవతల ఇల్లు. హనుమక్క గీత దాటి నీడలోకి వచ్చి నిలబడింది.

ఇంటి యజమాని లక్ష్మణప్ప అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. బట్టల వ్యాపారి, మాట మెత్తన. పక్క వీధిలో కొత్త ఇల్లు కట్టుకుని, పాత ఇంటిని తల్లికి వదిలాడు. ఆ తల్లి చచ్చిన ఇల్లే ఇది.

"అప్పా, ఒక మాట అడగనా?" అంది హనుమక్క. "మీ యమ్మను లోపల్నే పోనిచ్చినారు. ఇల్లు పాడుబడతాదని తెలిసీ. అంత మనసు ఎవరికి ఉంటాది?"

లక్ష్మణప్ప విసనకర్ర ఆపాడు. "పోనిచ్చేదేముందమ్మా? మేమంతా పాతపాళ్యంలో పెళ్ళికి పోయింటిమి. తిరిగొచ్చి తలుపు తెరిస్తే అయిపోయి ఉండాది. ఎప్పుడు పోయిందో గూడా తెలీదు. ముందే తెలిసింటే బయట పండబెట్టుకునేవాళ్ళం గదా, ఇల్లు దక్కేది."

హనుమక్క లోపలి నేలకేసి చూసింది. ఇన్నాళ్ళూ ఆ ముసలమ్మ చుట్టూ కొడుకూ కోడలూ మనవలూ కూర్చున్నట్టు, ఎవరో నోట్లో నీళ్ళు పోస్తున్నట్టు ఊహించుకుంది. అయినా, ఒంటరిగానైతేనేం, కప్పు కింద పోయింది గదా అనుకుంది. మంచం ఎవరూ ఎత్తలేదు గదా. మనిషి ఆశ ఎంత తక్కువతో బతుకుతుందో చూస్తే ఏడుపొస్తుంది.

"తీసుకుంటానప్పా," అంది.

"అట్లయితే నడు. తాలూకు కచేరిలో పత్రాలు రాసేటాయన కూర్చోనుండాడు. ఇప్పుడే పోయి హెబ్బెట్టు ఒత్తితివా, పొద్దు గూకేలోపల ఇల్లు నీది."

ఆమె కుడిచేతి బొటనవేలికేసి చూసుకుంది. ఉడికి తెల్లబడిన ఆ వేలికి ఇల్లు ఒకటి అంటుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడే ఎదురింటి నుంచి అర్చకుడు వాసుదేవమూర్తి మడిబట్ట ఆరేయడానికి బయటికి వచ్చాడు. హనుమక్క గబగబా అటు తిరిగి చేతులు జోడించింది.

"సామీ, ఇల్లు కొంటాండాను. ఈ పొద్దు మంచిదేనా?"

ఆయన వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. "ధనిష్ఠ పట్టిందమ్మా తెల్లారే. పంచకం. ఈ ఐదు రోజులూ ఇల్లూ వాకిలీ మాటే ఎత్తగూడదు. సోమవారం దివ్యంగా ఉండాది."

"అడిగి మంచిపని చేస్తిని," అంది హనుమక్క. లక్ష్మణప్ప రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె వినలేదు. ఆ నక్షత్రం పేరు చెప్పే తన మొగుణ్ణి వీధిలో పడేశారు. అయినా దానిమీద ఆమెకు కోపం రాలేదు, భయమే వచ్చింది. తానెంత జాగ్రత్త మనిషినోనని సంతోషపడింది కూడా.

వేరే బేరం లేనివాడు గనక లక్ష్మణప్ప పోతూ పోతూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఊడ్చుకుంటుండు. సోమవారం పోదాం."

ఆమె ఊడ్చింది. బూజు దులిపింది. కొత్త కుండ మట్టివాసన పోవాలంటే నానాలని, వీధి బావిలో చేది తెచ్చి అంచు దాకా నింపి, మూలన ఇసుక పోసి దాని మీద కుదురుగా నిలబెట్టింది. తరువాత ఎవరూ చూడటం లేదుగదా అని గది నడుమ వెల్లకిలా పడుకుంది. నేల చల్లగా ఉంది. పైన పుచ్చిన వాసం కనిపిస్తోంది. ఆ వాసం మార్పించాలి అనుకుంది. ఆమె బతుకులో అంత సుఖం అంతకు ముందు లేదు. లేచి, తాళం వేసి, చెవి కొంగున ముడివేసి నడుముకు దోపుకుంది.

కొట్టానికి తిరిగి వచ్చాక రెక్కలో నొప్పి ఎదలోకి పాకింది. చెమటలు పోశాయి. ఆవిరికి అనుకుంది. పొద్దు వాలుతుండగా ఆమె తల ముందుకు వాలింది. ఎడమచెయ్యి మణికట్టు దాకా మరిగే నీళ్ళలోకి దిగి అక్కడే ఉండిపోయింది. "అక్కా! చెయ్యి!" అని చెన్నమ్మ అరిచి లాగిందాకా హనుమక్క దాన్ని తియ్యలేదు.

నలుగురు మంచం మీద మోసుకుని ఆమె ఉండే బాడిగ ఇంటికి తెచ్చారు. ఇంటావిడ మునిరత్నమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. చెడ్డది కాదు. జ్వరం వస్తే హనుమక్కకు కషాయం కాచి ఇచ్చిన మనిషే.

"నా కూతురు పచ్చి బాలింత లోపలుండాది. పంచకంలో ఏమన్నా అయితే చంటిబిడ్డను ఎత్తుకొని నేను యాడికి పోయేది? మీరే చెప్పండి." ఆమె నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే తలుపు దగ్గరికి వేసింది.

"పాతపేట," అంది మంచం మీంచి హనుమక్క. "నా ఇంటికి."

దీపాలు పెట్టే వేళకు మంచం పాతపేట చేరింది. కబురు అందుకుని లక్ష్మణప్ప ముందే వచ్చి అరుగు మీద నిలబడి ఉన్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

"పత్రం కాలేదు గదమ్మా," అన్నాడు లక్ష్మణప్ప, మెత్తగానే. "నేను ఒత్తమంటిని. తనే దినం బాగలేదనింది. ఇంగోసారి కంప ఏసితిమంటే ఈ ఇంటిని కుక్క గూడా తొక్కదు."

"అరుగు మీదనన్నా దించనీయప్పా," అంది చెన్నమ్మ.

అరుగు ఇంటి కిందికి వస్తుందా, వీధి కిందికి వస్తుందా అన్న మాట వచ్చింది. వాసుదేవమూర్తిని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, చూరునీళ్ళు పడే గీత లోపలిదంతా ఇల్లే అన్నాడు. అప్పటికే మంచం ముందరి కోళ్ళు రెండూ గీత దాటి ఉన్నాయి. ఎవరో లాంతరు వంచి చూపించారు. నలుగురూ పట్టుకుని, మంచాన్ని మూరెడు వెనక్కి జరిపారు. పని శ్రద్ధగా చేశారు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అంతమంది మంచివాళ్ళు ఒకచోట చేరితే ఒక మనిషికి కప్పు దొరకలేదు.

హనుమక్క తలుపుకేసి చూస్తూ ఉంది. "నీళ్ళు," అంది. "లోపల కుండలో ఉండాయి." ఎవరూ కదలకపోయేసరికి తనే కుడిచేత్తో నడుము తడుముకుని, కొంగు ముడి విప్పి, తాళంచెవి చాచింది. లక్ష్మణప్ప వంగి దాన్ని తీసుకున్నాడు. తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"దీపాలు పెట్టినాక ఆ తలుపు తీసేది బాగుండదు," అన్నాడు. "ఎవరన్నా వాళ్ళింట్లోంచి తెండి."

ఎవరి చెంబు తేవాలో, పురుగుల కంపు మనిషి నోటికి తగిలిన చెంబు మళ్ళీ ఇంట్లోకి ఎట్లా తీసుకోవాలో అని ఆడవాళ్ళు కొంచెం తటపటాయించారు. చివరికి ఒకామె చిల్లు పడి పక్కన పారేసిన చెంబులో తెచ్చింది. వచ్చేసరికి సగం కారిపోయింది. చెన్నమ్మ ఆ సగమే నోట్లో పోసింది. నీళ్ళు లోపలికి పోలేదు, పెదవి చివర నుంచి మెడ మీదికి జారాయి. చెన్నమ్మ గట్టిగా ఏడ్చింది. వీధిలో అప్పుడు ఏడ్చింది ఆమె ఒక్కతే.

"గీతకు బయటనే," అన్నాడు వాసుదేవమూర్తి. "దోషం లేదు."

లక్ష్మణప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. మర్నాడు తెల్లవారి మంచం కోళ్ళ గుర్తుల మీద ఎదురింటావిడ పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసింది. సోమవారం దివ్యంగానే వచ్చి పోయింది. లోపల, తాళం వేసిన చీకట్లో, మూలన ఇసుక మీద కొత్త కుండ అంచు దాకా నీళ్ళతో నానుతూ ఉంది.